అవ్వ ముక్కు దగ్గర దూదిపింజ

మైదుకూరు,
ఆదివారం.

మా ఇంటికి పెద్దదిక్కయిన పీరమ్మ అవ్వకు, నీ మనవడి పెళ్ళాం ఫిరోజా సలాము చేసి రాస్తున్నది.

అవ్వా, నీకు చదువు రాదని నాకు తెలుసు. ఈ ఉత్తరం నీకు చదివి వినిపించేది తౌఫీకే అని కూడా తెలుసు. తెలిసే రాస్తున్నాను. ఫోను చేస్తే రెండో మాటకే అత్త లాక్కుంటుంది. లాక్కోకపోతే నీకు వినపడదు. "ఆఁ? ఎవురూ? గట్టిగా చెప్పుమే!" అనేదానితోనే సరిపోతుంది. కాగితమైతే చివరిదాకా మాట్లాడుతుంది. నువ్వు మంచం మీద కూర్చో. అత్తను పక్కన కూర్చోబెట్టుకో. ఆడబిడ్డ శిరీన్ కాలేజీ పుస్తకం మూసి వచ్చి వినాలి. తౌఫీకు నీ ఎదురుగా నిలబడి, తన మోటార్ల షాపులో అరిచినంత గట్టిగా చదవాలి. ఎక్కడైనా మాట మింగితే నువ్వు తొడ మీద గిచ్చు. మొగుణ్ణి పేరు పెట్టి రాసిందని అత్త ఇప్పుడు మూతి తిప్పుకుని ఉంటుంది. తిప్పుకోనీ. నన్ను పుట్టినూళ్ళో దించిపోయి నెల కావస్తోంది. ఈ నెలలో నా దగ్గర మర్యాద అంతా ఖర్చయిపోయింది.

ముందు ఆ రాత్రి సంగతి. మీ వీధిలో అది పక్కింటి నాగక్క చెప్పినట్టుగా తిరుగుతోంది. కువైట్‌లో ఉన్న మామకు కూడా ఆమె మాటే చేరింది. ఒక్కసారి నేను చెప్పినట్టు వినండి. ఎండలకు తాళలేక అందరం మిద్దె మీద పడుకున్నాం. మీరంతా నిద్రపోయారు, నాకు పట్టలేదు. లేచి వచ్చి నీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, నీ ముక్కు కింద చిన్న దూదిపింజ పట్టుకున్నాను. నీకు ఊపిరి ఆడుతోందా లేదా అని చూడడానికి. ఇంకేమీ లేదు. గాలి తిరిగింది, పింజ నీ ముక్కులోకి పోయింది. నువ్వు తుమ్మి లేచావు. తడుముకుంటే ముక్కులో దూది. ఒంటి మీద చూస్తే తెల్ల దుప్పటి, శవానికి చుట్టే గుడ్డ మాదిరి. "అయ్యో, నన్ను కడిగేసినారే! కఫను కూడా చుట్టేసినారే!" అని నువ్వు అరిచిన అరుపుకు పక్క మిద్దె మీద నాగక్క లేచింది. ఆమె కేకకు వీధి లేచింది. బతికున్న మనిషి ముక్కులో దూది పెట్టిందని, ముసలామెకు చావు కొలత తీస్తోందని, నాకు గాలి సోకిందని తెల్లవారేలోపే తీర్పు అయిపోయింది. నన్ను అడిగినవాళ్ళు ఒక్కరు లేరు.

దూదే ఎందుకు అంటారా? చెయ్యి పెడితే మనిషి లేస్తాడు. సెల్లు లైటు వేస్తే కళ్ళ మీద పడుతుంది. మిద్దె మీద గాలికి వేలికి ఊపిరి తెలియదు. బాగా ఏకిన దూది అయితే చీకట్లో కూడా తెల్లగా కనపడుతుంది, పసిబిడ్డ ఊపిరికి కూడా కదులుతుంది. అది నేను ఏకిన దూది. ఈ తాలూకాలో అంత మెత్తగా ఏకేవాళ్ళు మా నాయన పీర్ బాషా తర్వాత నేనే. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. సరే, గొప్ప కోసమే చెప్తున్నాను. మనం అందరం దూదేకులోళ్ళమే కదా అవ్వా. మీ ఇంట్లో తాత కాలంలోనే దూది వదిలేసి మోటార్లకు వైండింగు కట్టే పనిలోకి పోయారు. అప్పటినుంచి అత్తకు దూది అంటేనే నామోషీ. నా చీర మీద పింజ కనపడితే తుమ్ముతుంది. మా నాయన వదల్లేదు. స్పాంజి పరుపులు వచ్చి అంగడి పడుకుంటే, ఏకే మిషనును బండికెక్కించి ఊరూరా తిరిగాడు. "పాత పరుపులు ఏకుతాం, దిండ్లు కుడతాం" అని ఆ బండి మైకులో అరిచే గొంతు నాదే. బడి మానేసినాక నేను అక్షరాలు కూడబలుక్కున్నది దూది కింద పరిచే పాత పేపర్ల మీదనే. ఆ పేపర్లు చదివినదాన్ని మీరు దయ్యం పట్టినదాన్ని చేశారు.

ఇప్పుడు ఒక్కరికి తప్ప ఎవరికీ చెప్పనిది చెప్తాను. మా ఇంటి తలుపు రాత్రి తట్టారంటే ఊళ్ళో ఎవరో పోయారని అర్థం. శవానికి దూది కావాలి. ఏ కులమోళ్ళయినా, ఏ వీధివాళ్ళయినా మా తలుపే తట్టేవాళ్ళు. చావు దూదికి మా ఇంట్లో ధర చెప్పరు. నాయన లేచి, ఉన్నదాంట్లోకెల్లా తెల్లటిది తీసి రెండు చేతులతో ఇచ్చేవాడు. నేను లాంతరు, తర్వాత టార్చి పట్టుకుని పక్కన నిలబడేదాన్ని. "ఎట్లా పోయినారప్పా?" అని నాయన అడిగేవాడు. శానామంది ఒకటే మాట చెప్పేవాళ్ళు. "నిద్దర్లోనే బాషన్నా. రేత్రి బాగనే ఉండె. అన్నం తినె, పండుకునె, అంతే." "అదృష్టవంతుడు" అనేవాడు నాయన. పెద్దవాళ్ళకు ఆ మాట ఓదార్పు అవ్వా. టార్చి పట్టుకున్న పిల్లకు కాదు. అన్నం తిని పడుకున్న మనిషి అంతే అయిపోతాడని ఆ పిల్లకు తెలిసింది. వాళ్ళు దూది తీసుకుని పోయాక నేను పోయి మా అమ్మ పక్కన కూర్చుని ఆమె పొట్ట పైకి లేస్తోందా అని చూసేదాన్ని. అట్లా మొదలైంది. ఇంతవరకు ఆగలేదు.

మా ఇంట్లో నిద్రలో ఎవరూ పోలేదు. అది కూడా చెప్పేస్తున్నాను, ఎందుకంటే అందరూ అదే వెతుకుతారు. పగలు నాకు ఏ భయమూ లేదు. పాములను కొట్టాను, తాగి వచ్చి బండికి అడ్డం పడినవాణ్ణి లాగి పక్కన పారేశాను. లైటు ఆర్పితే మాత్రం నా గుండె నా మాట వినదు. నేను చూడకుండా పడుకుంటే, చూడనివాళ్ళే పోతారు అనిపిస్తుంది. నా చూపు పట్టుకుని మీ ప్రాణాలు వేలాడుతున్నట్టు. ఎంత పిచ్చి, ఎంత పొగరు! నాకు తెలుసు. తెలిస్తే నిద్ర వస్తుందా? ఒకరిని చూసి వచ్చి పడుకుంటాను. పడుకోగానే, చూసినప్పుడు ఉన్న ఊపిరి ఇప్పుడు ఉందో లేదో అనిపిస్తుంది. మళ్ళీ లేస్తాను. నచ్చనివాళ్ళ కోసం ఎవరూ ఇట్లా లేవరు. మీ ఇంటికి వచ్చిన మొదటి వారం నేను హాయిగా నిద్రపోయాను, ఎందుకంటే మీరు నాకు ఇంకా ఏమీ కారు. ఏ రాత్రి నీకోసం లేచానో, ఆ రాత్రే నేను మీ ఇంటిదాన్ని అయ్యాను.

మీ షరతులు నాకు చేరాయి. దర్గాలో ఉంచి గాలి దింపించాలి. తాయెత్తు కట్టాలి. వచ్చాక కొన్నాళ్ళు లోపలి గదిలో పడుకోబెట్టి బయట గడియ పెడతారు. దర్గాకు పోవడానికి నాకేం అభ్యంతరం? అమ్మతో కలిసి పోతూనే ఉంటాను, చక్కెర మీద దువా చదివించుకుని, ఆ చల్లని బండల మీద కాసేపు కూర్చుని వస్తాను. అది నా ఇష్టం. దొంగను తోలినట్టు తోలితే పోను. దర్గా మీ పోలీసు స్టేషను కాదు. గడియ సంగతి అసలే మాట్లాడొద్దు.

తౌఫీకూ, ఇక్కడ ఆగొద్దు. చదువు.

అవ్వా, నా సంగతి నీ మనవడికి తెలుసు. పెళ్ళయిన కొత్తల్లోనే ఆయన ముక్కు కింద పింజ పెట్టాను. కళ్ళు తెరిచాడు, అరవలేదు. "ఏందిది?" అన్నాడు. అంతా చెప్పాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. "నేను గట్టిగా ఊపిరి తీస్తాలే, నువ్వు ఇనుకుంటా పండుకో" అన్నాడు. ఆ రాత్రి నుంచి కొలిమితిత్తి మాదిరి బుస్సుబుస్సుమని తీసేవాడు. అది గురక కాదు. నాకోసం మెలకువగా ఉండి తీసేది. నాకు నిద్ర పట్టాకే ఆయన నిద్రపోయేవాడు. పెళ్ళయినాక పిల్లోడికి గురక పట్టుకుందని అత్త మిరియాలు దంచి పాలు కాచి ఇచ్చేది, ఆయన కిమ్మనకుండా తాగేవాడు. ఈ భూమ్మీద నాకు ఎవరూ అంత విలువైనది ఇవ్వలేదు.

అందుకే నాకింత కోపం. వీధంతా మిద్దెక్కి నా మీద పడినప్పుడు, "అది ఊపిరి చూస్తాదమ్మా, నాకు తెల్సు" అని ఒక్క మాట అంటే సరిపోయేది. తల వంచుకుని తన కాలివేళ్ళు చూసుకున్నాడు. మర్నాడు నన్ను మైదుకూరు బస్టాండులో దించి, సోడా కొనిచ్చి, నేను తాగేదాకా నిలబడి, ఖాళీ సీసా అంగడిలో ఇచ్చి వెళ్ళిపోయాడు. నాకోసం అంత గట్టిగా ఊపిరి తీసిన మనిషి నాకోసం నోరు తెరవలేకపోయాడు.

నాకు తాయెత్తు వద్దు, క్షమాపణా వద్దు. మీరందరూ వింటుండగా, ఆ మాట ఆయన నోటితో ఆయనే చెప్పాలి. చెప్తే వస్తాను.

నీ ఊపిరి చూసే పిల్ల,
ఫిరోజా

*

మైదుకూరు,
శుక్రవారం.

"ప్రియమైన" అని రాసి కొట్టేశాను. మళ్ళీ రాస్తున్నాను, అబద్ధం రాయడం చేతకాక.

ప్రియమైన తౌఫీకుకు,

శిరీన్ కాలేజీ నుంచి ఫోను చేసి అంతా చెప్పింది. "దర్గా మీ పోలీసు స్టేషను కాదు" అనేదాకా బ్రహ్మాండంగా చదివావట. అత్తకు కోపం వచ్చే మాటలన్నీ గట్టిగా చదివావట. నీ పేరు పెట్టి ఆగొద్దన్న చోటికి వచ్చి కాగితం మడిచి, "అంతే అవ్వా, మిగతాదంతా సలాములు" అన్నావట. "ఇంత లావు సలాములేందిరా?" అని అవ్వ అడిగితే, "దాని చేతిరాత పెద్దది" అన్నావట. నా చేతిరాత చీమ తలకాయంత ఉంటుంది. దూది కింద పేపర్ల అంచుల్లో ఖాళీ ఎంత ఉంటే అంతలో రాసి నేర్చుకున్నదాన్ని నేను.

నిన్న నాయనతో బండి మీద పోయాను. ఆయన ఒక్కడే పోలేక కాదు, నాకు ఇంట్లో కూర్చుంటే గోడలు గీకాలనిపించింది. ఒక ఊళ్ళో వేపచెట్టు కింద మిషను ఆపి అన్నం తింటుంటే నాయన మెల్లగా మొదలుపెట్టాడు.

"ఏమ్మా, నేనే తోడొచ్చి విడిచిపెడుదునా? నాలుగు మాటలు పడితే పోలా? ఆడపిల్ల..."

"నాయనా, నువ్వు చావుకు దూది ఇచ్చేటప్పుడు ఎప్పుడన్నా సిగ్గుపడినావా?"

"దానికేం సిగ్గు? ఎవురో ఒకరు ఇయ్యాల గదా."

"ఊపిరి ఉండాదా అని చూసేదానికి నేనెందుకు సిగ్గుపడాల? ఎవురో ఒకరు చూడాల గదా."

ఆయన చాలాసేపు ముద్ద కలుపుతూనే ఉన్నాడు, నోట్లో పెట్టుకోలేదు. తర్వాత, "రాత్రిళ్ళు నువ్వొచ్చి నా కాడ వంగి చూసేది నాకు తెల్సు. కండ్లు మూసుకునే ఉంటి" అన్నాడు. "కదిలితే నువ్వు సిగ్గుపడతావని." ఇంకాసేపటికి, "పోవద్దులే. వానికి నోరొచ్చేదాకా పోవద్దు. మిషను పట్టా బిగించు" అని లేచాడు.

మా నాయన చదువుకోలేదు. ఎవరి ముందూ గట్టిగా మాట్లాడే మనిషి కూడా కాదు. కూతురి కోసం ఒక్క మాట అనడానికి ఆయనకు ఒక ముద్ద అన్నం చల్లారేంతసేపు పట్టింది. నీకు నెల చాలలేదు.

నేను బతిమాలడం లేదు. నాకు పని ఉంది, బండి ఉంది, ఏ ఊళ్ళో నిలబడినా నా గొంతు గుర్తుపట్టి పరుపులు దించేవాళ్ళున్నారు. నువ్వు లేకుండా నేను బతకగలను. కాకపోతే రోజూ రాత్రి రాయచోటి దిక్కు చూస్తూ, నీకు ఊపిరి ఉందో లేదోనని లేచి కూర్చుంటాను. ఇంత దూరం నుంచి చూడడానికి ఏ దూదీ పనికిరాదు. దాన్ని నేనే భరించుకుంటాను. మిగిలిన కాగితాలు చదువు. చదవకపోతే నేను రాను. ఒకటికి రెండుసార్లు చెప్పే అలవాటు నాకు లేదు.

ఇప్పటికీ నీ పెళ్ళాం,
ఫిరోజా

*

రాయచోటి.

మైదుకూరు పిల్ల ఫిరోజాకు మీ అవ్వ పీరమ్మ దీవించి చెప్పేది ఏందంటే,

ఇది నేను చెప్తాండా, తౌఫీకు రాస్తాండాడు. నేను ఎట్ల చెప్తే అట్ల రాయమన్నా. మళ్ళ శిరీన్‌తో చదివించుకుంటా, ఒక్క మాట మారినా వీని ఈపు చిట్లుతాది. అది గూడా రాయిరా అన్నా. రాస్తాండాడు.

నీ రెండో ఉత్తరం వీనికొచ్చింది. ఏం రాసినావో మాకు చెప్పలే. అన్నం తినకుండా మిద్దెక్కి కుచ్చున్యాడు. మేము పండుకునేదానికి పైకొస్తే, "అవ్వా, లేచి కుచ్చో, మిగతాది చదువుతా" అన్యాడు. శిరీను ఫోను లైటు పట్టె. పక్క మిద్దె మీద నాగక్క పండుకున్నెట్ల నటిస్తాంటే, "నాగక్కా, నువ్వు గూడా ఇను, ఊరికే కండ్లు మూసుకోవద్దు" అన్యాడు. ఆమె లేచి పిట్టగోడ కాడికొచ్చి కుచ్చునె. నా మనవడు అంత గట్టిగా మాట్లాడంగా నేనెప్పుడూ ఇనలే. నాకే ఇనపడిందంటే చూసుకో.

అంతా చదివినాడు. సోడా కాడ ఆపి నీళ్ళు తాగి మళ్ళ చదివె. అయిపోయినంక కాగితం మడిచి, "అమ్మా, ఇది నిజం. నాకు తెల్సు. మొదట్నుంచీ తెల్సు. ఆ పొద్దు నోరు మూసుకున్న్యా. తప్పు ఫిరోజాది గాదు, నాది" అన్యాడు.

మీ అత్త మొదట ఏమందో తెల్సునా? "అయితే అది దొంగగురకారా? మిరియాలు దంచి దంచి నా రెక్కలు పడిపాయె గదరా!" అని ఏడ్చె. నాగక్క పిట్టగోడ కాడ్నించి, "అక్కా, అట్ల తిట్టొద్దు, నా మొగుడు నిజం గురకే పెడ్తాడు, ఒక్కనాడన్నా నాకోసరం గాదు" అనె. అందురూ నవ్విరి. మీ అత్త నవ్వలే.

ఇంగ నా సంగతి. ఇది రాయాల్నా వద్దా అని రెండు దినాలు ఆలోచన చేసినా. రాయిరా అన్నా. ఆ రేత్రి నేను అరిచింది సావుకు భయపడి గాదు మే. సావు నాకు కొత్తదా? నేను సచ్చినా, కడిగినారు, కఫను చుట్టినారు, ఒక్కరన్నా ఏడ్చలేదే అని అరిచినా. ఎవురూ ఏడ్చే శబ్దం రాలే. ఇంతమందిని కని పెంచితే ఇంతేనా అనిపించింది. అందుకని అరిచినా. లేచి చూస్తే నువ్వుండావు, కండ్లల్లో నీళ్ళు పెట్టుకోని. ఆ మాట అప్పుడే చెప్పింటే అయిపోతాండె. అందురూ నా సుట్టూ చేరి నీళ్ళు తాపి, కాళ్ళు పిసికి, ఇసనకర్రతో ఇసురుతాంటే ఆ సుఖానికి నోరు రాలే. ఎన్నేండ్లాయెనో నన్ను అట్ల చూసి. నన్ను చూసేదానికి లేచిన పిల్లని అందురూ తిడతాంటే, నేను ఇసురించుకుంటా కుచ్చుంటి. తౌఫీకు ఒక్కడే గాదు నోరు మూసుకునింది.

నువ్వు రా. గడియ లేదు, తాయెత్తు లేదు. నా మాటకు ఎదురు లేదు ఈ ఇంట్లో. మీ అత్త మాత్రం ఇంకా మెత్తబడలే. "రానీ, వద్దన్లే. గానీ నన్ను మాత్రం చూడొద్దను. నా ఊపిరి నేను చూసుకుంటా" అంటాండాది. మీరిద్దరూ తేల్చుకోండి.

ఇట్లు, వేలిముద్ర వేసి,
పీరమ్మ

అవ్వ చెప్పింది అయిపోయింది. కింద రాసేది నాది. అవ్వ నిద్రపోయింది, ఊపిరి బాగుంది, చూసే రాస్తున్నాను. ఆ రాత్రి నేను ఎందుకు మాట్లాడలేదంటే, పెళ్ళాం కోసం దొంగగురక తీసే మొగుడని వీధి నవ్వుతుందని. నీ కన్నీళ్ళ కంటే ఆ నవ్వుకే భయపడ్డాను. ఇప్పుడు నవ్వుతున్నారు. షాపుకు మోటారు తెచ్చే ప్రతివాడూ "ఏమప్పా తౌఫీకూ, ఊపిరి ఉండాదా?" అని అడిగి మరీ దించుతున్నాడు. ఉండాది అంటున్నాను. నేననుకున్నంత పెద్ద నవ్వేమీ కాదు అది. ఆదివారం వచ్చి నిన్ను తీసుకుపోతాను.

తౌఫీకు

*

మైదుకూరు,
గురువారం.

చీకట్లో కూడా నా కన్నీళ్ళు గుర్తుపట్టిన పీరమ్మ అవ్వకు, ఫిరోజా సలాము.

చదివేవాడు ఈసారి కూర్చుని చదవచ్చు. నీళ్ళు కూడా తాగచ్చు.

నీ ఉత్తరం అమ్మకు, నాయనకు గట్టిగా చదివి వినిపించాను. మిరియాల దగ్గర అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. నువ్వు ఏడ్చే శబ్దం కోసం చెవి పెట్టి విన్నావన్న చోట ఎవరమూ నవ్వలేదు. అవ్వా, నీ మీద నాకు కోపం రావాలి. ఇసురించుకుంటూ కూర్చున్నావు కదా. రెండు రోజులు తెచ్చుకోవాలని చూశాను, రాలేదు. ఎన్నేళ్ళుగానో ఎవరూ చూడని మనిషి ఒక రాత్రి కాస్త సుఖపడితే దాన్ని నేను తప్పు పట్టలేను.

తౌఫీకు రాసింది నాలుగుసార్లు చదువుకున్నాను. లోపలికి పోయి చదువుకున్నాను, ఎవరూ నా మొహం చూడకుండా. వీధి నవ్వును నెత్తిన పెట్టుకుని తిరుగుతున్నాడంటే నా మొగుడు మొగుడే. ఇది అందరి ముందూ చదవాలి, సిగ్గుపడి మింగకూడదు. మోటారు కాలిపోతే పాత తీగంతా పీకి కొత్తగా చుట్టడం తెలిసినవాడు. ఆలస్యమైనా తనను తాను చుట్టుకున్నాడు.

కాని నన్ను తీసుకుపోవడానికి ఆదివారం రావద్దు. బాగలేదని దుకాణంలో తిరిగి ఇచ్చిన సామాను మాదిరి నన్ను దించిపోయారు. బాగయిందని మళ్ళీ వచ్చి ఎత్తుకుపోతే ఆ లెక్కలోనే ఉంటాను. నేనే వస్తాను. బండి నేనే తోలుకుని వస్తాను, నాయన పక్కన కూర్చుంటాడు. కడప మీదుగా వచ్చి, పట్టపగలు మీ వీధి మొదట్లో మైకు పెట్టి, మీ గడప ముందు మిషను ఆపుతాను. మీ అటక మీద తాత కాలం నాటి పరుపులున్నాయి, రాయి మాదిరి గట్టిపడి. అవన్నీ దించి, ఆ వీధిలోనే కూర్చుని ఏకుతాను. దూదేకులోళ్ళ ఇంట్లో దూది రాయి కావడం కంటే నామోషీ ఇంకేముంది? నాగక్క కూడా తన పరుపు తేవచ్చు. నన్ను దయ్యమన్న మనిషి పరుపును కూడా మెత్తగానే ఏకుతాను, అందులో పగ చూపించే పనిమంతురాలిని కాను. వారానికి నాలుగు రోజులు ఆ చుట్టుపక్కల ఊళ్ళలో బండి తిప్పుతాను. నాయన మోకాళ్ళు ఇంక దూరం తిరగలేవు. బండి నా చేతికి ఇస్తూ, "మైకులో నా పేరు తీసేసి నీ పేరు పెట్టుకోమ్మా" అన్నాడు. ఇద్దరి పేర్లూ పెట్టాను.

ఇంకొకటి ముందే చెప్తున్నాను, తర్వాత మోసపోయామనొద్దు. నాకు నయం కాలేదు. మీరందరూ నా మాట నమ్మినందుకు భయం పోయిందని రాస్తే బాగుండేది, కాని పోలేదు. నిన్న రాత్రి కూడా లేచాను. అయితే ఈసారి అమ్మ కళ్ళు తెరిచి, "ఉండాలే, పో, పండుకో" అంది. అంతే. వెళ్ళి పడుకున్నాను. ఇన్నేళ్ళు ఎవరికీ తెలియకుండా చీకట్లో చేసిన పని అది. అందరికీ తెలిశాక అదే పని కాస్త తేలికైంది. రేపు పూర్తిగా పోతుందో, ముసలిదాన్ని అయ్యేదాకా ఉంటుందో నాకు తెలియదు. ఉంటే ఉంటుంది. ఇది నాలో ఉన్న జబ్బే కావచ్చు, కాని నాలో ఉన్న తప్పు కాదు. దీన్ని దాచుకుని ఏ ఇంట్లోనూ ఉండను. నా బిడ్డలకు కూడా చెప్పి పెంచుతాను, మీ అమ్మ రాత్రిళ్ళు వచ్చి చూస్తుంది, అరవొద్దని.

ఇక అత్తకు.

అత్తా, నిన్ను చూడొద్దన్నావు. చూడను. నా మాట మీద నేను నిలబడతాను. కాని ఒక నిజం విను. ఆ ఇంట్లో నేను అందరికంటే ఎక్కువసార్లు లేచింది అవ్వ కోసం కాదు, తౌఫీకు కోసం కూడా కాదు. నీకోసం. అవ్వ తుమ్ముతుంది, శిరీన్ కలవరిస్తుంది, నువ్వు మాత్రం చప్పుడు లేకుండా పడుకుంటావు. పగలంతా ఇల్లు ఎగిరిపోయేట్టు అరిచే మనిషి అంత నిశ్శబ్దంగా పడుకుంటే నేను లేచి చూడకుండా ఉండలేను. కాబట్టి నాకు ఒక్క సాయం చెయ్యి. నా పక్కనే పడుకో, నాకు నిద్ర పట్టేదాకా నన్ను తిడుతూ ఉండు. దూది గురించి తిట్టు, మిరియాల గురించి తిట్టు, మా నాయన పెంపకం గురించి తిట్టు. నీ తిట్టు వినపడుతున్నంతసేపు నాకు ఏ భయమూ లేదు.

ఆదివారం పొద్దున్నే బయలుదేరుతున్నాను. మీ వీధివాళ్ళను బండికి దారి ఇమ్మను.

మైదుకూరు పరుపుల పీర్ బాషా కూతురు, మీ కోడలు,
ఫిరోజా